నౌపడ ఉప్పు మడిలో కొత్త సూక్ష్మజీవి: 16ఎస్ జన్యువు సరిపోతుందా, జీనోమ్ మొత్తం చదవాలా?

ఉప్పు మడిలో నీళ్లు చిక్కబడి గులాబీ రంగుకు తిరిగాయంటే అక్కడ ఉప్పునే కోరుకునే జీవులు ఉన్నట్టే. ఆ నీళ్లు సీసాడు తెచ్చి 20 శాతం ఉప్పున్న అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) మీద పూసి ఓపిగ్గా ఉంచితే, కొన్ని వారాలకు ఆవగింజంత ఎర్రచుక్కలు లేస్తాయి. వీటి మీద పనిచేసే శ్రీకాకుళం విద్యార్థులకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది: ఇది కొత్త జాతేనా? తేల్చడానికి రెండు దారులు: 16ఎస్ అనే ఒక్క జన్యువును చదవడం, లేదా జీనోమ్‌ను, అంటే జీవి డీఎన్ఏ మొత్తాన్ని చదవడం.

ఖర్చు: 16ఎస్ జన్యువు దాదాపు 1500 డీఎన్ఏ అక్షరాలే, చవక. జీనోమ్‌లో లక్షల అక్షరాలు, ఖర్చు ఎన్నో రెట్లు.

శ్రమ: 16ఎస్‌కు పీసీఆర్ (జన్యువుకు కాపీలు తీసే పద్ధతి) చేసి బయటి ల్యాబ్‌కు పంపితే చాలు. జీనోమ్‌కు శుభ్రమైన డీఎన్ఏ, కంప్యూటర్ విశ్లేషణ తెలిసినవాళ్లు కావాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. తెలిసిన జాతులతో 16ఎస్ పోలిక 98.7 శాతానికి తగ్గితే కొత్త జాతి అయ్యే అవకాశం బలంగా ఉంటుంది. అంతకు మించితే ఏమీ తేలదు. పైగా ఎర్రచుక్కల్లో చాలావరకు హాలోఆర్కియా అనే ఉప్పు జీవులు. అవి బాక్టీరియా కావు. వాటిలో కొన్నిటికి ఒకే కణంలో ఒకదానికొకటి పొసగని 16ఎస్ కాపీలుంటాయి. నేనైతే అక్కడ 16ఎస్ ఒక్కదాన్నే నమ్మను. జీనోమ్‌ల సగటు పోలిక 95–96 శాతానికి తగ్గితే వేరే జాతని గట్టిగా చెప్పొచ్చు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు, పాతిక కాలనీల్లో (అంటే ఆ చుక్కల్లో) ఏరుకోవడానికి 16ఎస్ చాలు. కొత్త పేరు పెట్టాలంటే జీనోమ్ తప్పదు. ఎంత ఉప్పులో పెరుగుతుందో కొలవాలి, ఆ జీవిని రెండు దేశాల కల్చర్ బ్యాంకుల్లో (సూక్ష్మజీవులను భద్రపరిచే కేంద్రాల్లో) దాచాలి.