హోటల్లో సలాడ్: కలిపి తెమ్మనాలా, విడిగా ఇమ్మనాలా?

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా హోటల్లో గ్రీన్ సలాడ్ చెబితే సాధారణంగా వచ్చేవి ఇవే: చక్రాలుగా తరిగిన ఉల్లిపాయ, కీరా, క్యారెట్, టమాటా, రెండు పచ్చిమిరపకాయలు, నిమ్మ చెక్క. తేడా అంతా వాటి మీద ఏం వేశారన్న దగ్గరే వస్తుంది. కొందరు వంటగదిలోనే ఉప్పు, చాట్ మసాలా చల్లి, నిమ్మకాయ పిండి తెస్తారు. కొందరు ఉత్త ముక్కలు తెచ్చి మిగతాది మన చేతికి వదిలేస్తారు. బిర్యానీతో అయితే రైతా వస్తుంది. కేఫుల్లో అయితే మయోనీజ్.

నేను ఎప్పుడూ విడిగానే ఇమ్మంటాను. కీరాలో దాదాపు 95 శాతం నీళ్లే. ఉప్పు తగిలిందంటే ఆ నీరు బయటికొచ్చేస్తుంది. కూర, రొట్టెలు వచ్చేసరికి ముక్కలు మెత్తబడి ప్లేటు అడుగున ఉప్పునీరు తేలుతుంది. కరకరలాడాల్సిన కీరా సాగుతుంటే ఇక తినడం దేనికి? ఇంకో సంగతి, ఉత్త ముక్కలైతే ఎప్పుడు తరిగారో చూడగానే తెలుస్తుంది. అంచులు ఎండిన ఉల్లిపాయ, జిగురు పట్టిన టమాటా మసాలా కింద కనబడవు. నిమ్మరసం పిండినంత మాత్రాన పాతబడ్డ ముక్క మంచిదైపోదు.

ఉల్లిపాయ దగ్గర మాత్రం కలిపి తెచ్చేవాళ్లదే పైచేయి. ఉప్పు, నిమ్మరసం పట్టించి ఐదు పది నిమిషాలు ఉంచితే ఘాటు తగ్గుతుంది, ఎర్రుల్లి అయితే చక్కటి గులాబీ రంగుకి తిరుగుతుంది. అప్పటికప్పుడు పిండుకుంటే ఆ రుచి రాదు.

అయినా మన జిల్లాల్లో రుచికంటే ముందు చూడాల్సింది ఉప్పు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను పిండేసిందో చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అలాంటి ఇంటి మనిషి హోటల్లో కూర్చుంటే కూరలో, పప్పులో ఉప్పు తగ్గించమనడం కుదరదు, అవి అప్పటికే వండేసి ఉంటాయి. సలాడ్ ఒక్కటే మన చేతిలో ఉండేది. దాని మీద కూడా వాళ్లే చల్లేస్తే ఇక ఏం మిగిలింది? ఆరోగ్యవంతులకే రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, సుమారు ఒక టీస్పూను. చాట్ మసాలాలో ఉండేది నల్లుప్పు, అది మంచిదేలే అని దట్టిస్తారు గానీ, మామూలు ఉప్పులో ఉన్న సోడియమే అందులోనూ ఉంటుంది. సోడియం తక్కువని అమ్మే కొన్ని ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ రోగులకు అది ఇంకా ప్రమాదం. టమాటాలో కూడా పొటాషియం ఉంది కాబట్టి ఎంత తినొచ్చో డాక్టర్‌నే అడగాలి.

మయోనీజ్ గురించి ఎక్కువ చెప్పను. అందులో ముప్పాతిక వంతు దాకా నూనే, ఒక పెద్ద చెంచాకి సుమారు 90 కేలరీలు. పచ్చి గుడ్డుతో చేస్తే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం, అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చి గుడ్డు మయోనీజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. తినాలనుంటే గుడ్డు లేనిది, అదీ చిన్న గిన్నెలో పక్కన పెట్టమనండి. అలాగని నూనె మొత్తం చెడ్డదని కాదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి. మన నువ్వుల నూనె ఒక చిన్న చెంచా చాలు, కానీ అడిగితే ఇచ్చే హోటళ్లు తక్కువ.

రైతా సంగతి వేరు. పెరుగు చల్లగా, ఉల్లిపాయ అప్పుడే వేసిందైతే దాన్ని మించింది లేదు, బిర్యానీ కారానికి అదే మందు. పార్సిల్లో మాత్రం ఇంటికి చేరేలోపే నీళ్లోడి పులుస్తుంది, అందుకని పెరుగు, ముక్కలు వేర్వేరుగా కట్టమనడం మేలు.

నలుగురు కలిసి వెళ్లినప్పుడు ఇలా చెప్పండి: "ముక్కలు ఉత్తగా తెండి బాబూ, ఉప్పు, నిమ్మ చెక్కలు పక్కన పెట్టండి. ఉల్లిపాయ ఒక్కటీ వేరే గిన్నెలో నిమ్మరసం పిండి ముందే తెచ్చేయండి, ఉప్పు వేయొద్దు." కూర వచ్చేలోపు ఉల్లిపాయ ఊరుతుంది, ఉప్పు ఎవరికి కావాల్సినంత వాళ్లు వేసుకుంటారు.