సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నారా? వారంటీ ఉండగానే ఫాల్టును కాగితం మీద పెట్టించండి

విశాఖలో పాత కారు కొన్నవాళ్లకీ, కొనబోతున్నవాళ్లకీ ఇది హెచ్చరిక. ముఖ్యంగా ఏఎంటీ బండ్లు, అంటే క్లచ్ పెడల్ లేని చిన్న ఆటోమేటిక్‌లు తీసుకునేవాళ్లు తప్పకుండా చదవండి. వారంటీ నడుస్తుండగా మొదలైన ఫాల్టును నోటిమాటలతో సాగదీసి, గడువు దాటగానే "వారంటీ అయిపోయింది కదా సార్" అని చేతులెత్తేయడం ఒక పద్ధతిగా మారింది. నాకు అదే జరిగింది. షాపు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు వినియోగదారుల కమిషన్‌లో ఉంది. పేరు కంటే వాళ్లు చేసే పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

బండి 2018 మోడల్, ఏపీ 31 నంబరు, సింగిల్ ఓనర్. ధర నాలుగు లక్షల ఎనభై వేలు. "ఇంజన్, గేర్ బాక్స్ మొత్తానికి ఆరు నెలల వారంటీ, మీరు టెన్షన్ పడక్కర్లేదు" అన్నారు. వారంటీ సగం కూడా గడవకముందే తేడా కనిపించింది. సింహాచలం కొండ ఎక్కుతుంటే డీలో (డ్రైవ్‌లో) ఉన్న గేరు దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేసింది. డ్యాష్‌బోర్డులో గేరు లైటు వెలిగింది. బండి ఆపి, కాసేపాగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. తర్వాత ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో కూడా ఇలాగే అయింది.

షాపుకి తీసుకెళితే మొదట "ఏఎంటీ అంటే అంతే సార్, అలవాటైపోతుంది" అన్నారు. గట్టిగా అడిగితే ఫాల్టు కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి "రీసెట్ చేసేశాం, ఇక రాదు" అన్నారు. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ వచ్చేది. వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డు, అంటే ఫాల్టూ చేసిన పనీ రాసిచ్చే కాగితం, అడిగాను. "సిస్టం పనిచేయట్లేదు", "చిన్న పనికి కార్డెందుకు సార్" అని దాటేశారు. దాంతో ఇంటికి రాగానే ఏ రోజు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం జరిగింది, వాళ్లేం చేశారు అన్నది వాళ్ల వాట్సాప్‌కే మెసేజ్ పెట్టేవాణ్ని. లైటు వెలిగినప్పుడు తీసిన వీడియోలు కూడా పంపాను. ఈరోజు నా చేతిలో ఉన్న అసలైన ఆధారం ఆ మెసేజ్‌లే.

ఆ రీసెట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, మోసమంతా అక్కడే జరుగుతోంది. గేరు వ్యవస్థలో తేడా వస్తే కారులోని కంప్యూటర్ ఒక కోడ్ దాచిపెట్టుకుంటుంది. చాలా కార్లలో ఆ కోడ్‌తో పాటు అప్పటి వేగం, ఇంజన్ వేడి లాంటి వివరాలు కూడా నమోదవుతాయి. రీసెట్ కొట్టగానే అవన్నీ చెరిగిపోతాయి. లైటు ఆరిపోతుంది గానీ రోగం అలాగే ఉంటుంది, పైగా అది వారంటీలోనే మొదలైందనడానికి బండిలో ఉన్న సాక్ష్యం పోతుంది. కాబట్టి స్కానర్ పెట్టగానే "ముందు కోడ్‌ల ప్రింట్ ఇవ్వండి, తర్వాతే చెరపండి" అని అడగండి. ప్రింట్ ఇవ్వకపోతే స్కానర్ స్క్రీన్‌నీ, పక్కనే మీటర్ రీడింగునీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఇందులో మొహమాటపడకండి.

గడువు అయిపోయిన కొద్దిరోజులకే అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో, మలుపు మధ్యలో, గేరు మళ్లీ న్యూట్రల్‌కి పడిపోయింది. బండి వెనక్కి జారింది. వెనక బస్సు వస్తోంది. కారులో పిల్లలు, మా అత్తగారు ఉన్నారు. హ్యాండ్ బ్రేక్ లాగి ఆపగలిగాం. ఘాట్‌లో ఇలా జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. "ఏఎంటీ అంటే అంతే" అని చెప్పి పంపించేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

అక్కడి నుంచి బండిని లాగించుకొచ్చి షాపువాళ్లకు ఫోన్ చేస్తే రెండు మాటలు చెప్పారు. ఒకటి, వారంటీ అయిపోయింది. రెండు, వారంటీ ఉన్నా ఇది వర్తించదు, ఎందుకంటే పాడైంది యాక్చువేటర్, గేర్ బాక్స్ కాదు. అమ్మేటప్పుడు "గేర్ బాక్స్ మొత్తానికి" అన్నది వాళ్లే. తీరా కాగితంలో మాత్రం "గేర్ బాక్స్ లోపలి భాగాలు" అని ఉంది. క్లచ్ ప్లేట్లు అరుగుదల భాగాలట, అవీ లేవు. ఎలక్ట్రికల్, హైడ్రాలిక్ భాగాలూ లేవు. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం ఆ యాక్చువేటరే చేస్తుంది, అది లేకుండా ఏఎంటీ బండి ఒక్క అడుగు కదలదు. దాన్ని వదిలేసిన వారంటీ ఆటోమేటిక్ కొన్నవాడికి ఏ రకంగానూ పనికిరాదు.

మీరు కొనేముందు వారంటీ కాగితంలో చూడాల్సింది అదే. యాక్చువేటర్, క్లచ్, గేర్ కంట్రోల్ యూనిట్ (గేర్లను నడిపించే కంప్యూటర్) పేర్లు రాసి ఉన్నాయా? వారంటీ ఇచ్చేది షాపా, వేరే కంపెనీయా? ఒక క్లెయిముకి గరిష్ఠంగా ఎంత ఇస్తారు? రిపేరుకు ముందే వాళ్ల అనుమతి తీసుకోవాలని షరతు ఉందా? సాధారణంగా ఉంటుంది. తెలియక బయట పని చేయించుకుంటే ఆ ఒక్క కారణంతో క్లెయిము కొట్టేస్తారు.

ఇక రిపేరు సంగతి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో యాక్చువేటర్ మొత్తం మార్చాలి, క్లచ్ సెట్టు కూడా వేయాలి అని డెబ్బై వేలు దాటిన ఎస్టిమేట్ ఇచ్చారు. అది రాతపూర్వకంగా తీసుకున్నాను, తర్వాత కేసులో పనికొస్తుంది. ఆపైన గాజువాక ఆటోనగర్‌లో ఏఎంటీ పని తెలిసిన ఒక మెకానిక్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకున్నాను. ఆయన ముందు బ్యాటరీ వోల్టేజీ, ఎర్త్ వైరు చూశారు. వోల్టేజీ తగ్గినా ఏఎంటీకి ఇలాంటి తిక్కలు వస్తాయట. తర్వాత కనెక్టర్లు విప్పితే పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఇది కొత్త కాదు. బీచ్ రోడ్డు, ఋషికొండ వైపు ఆరుబయట పార్క్ చేసిన బండ్లయితే కొనేముందు లిఫ్ట్ ఎక్కించి అడుగుభాగం చూడాల్సిందే.

అసలు సమస్య అక్యుమ్యులేటర్ అనే చిన్న డబ్బాలో ఉంది. హైడ్రాలిక్ రకం ఏఎంటీలో ఒక చిన్న పంపు ఆయిల్‌కు ఒత్తిడి పెంచుతుంది, ఈ డబ్బా ఆ ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. డబ్బా బలహీనపడితే ఒత్తిడి నిలవదు, పంపు ఊరికే మళ్లీమళ్లీ తిరుగుతుంది, ఎక్కడో ఒకచోట గేరు న్యూట్రల్‌కి పడిపోతుంది. ఇలాంటి కార్లలో చాలావాటికి డ్రైవర్ డోరు తీయగానే బానెట్ కింద పంపు శబ్దం ఓ క్షణం వినిపించి ఆగుతుంది. అది తరచూ, ఎక్కువసేపు మోగుతుంటే ఆ బండి విషయంలో జాగ్రత్త. ఇంజన్ ఆపి, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నచోట డోరు తీసి వినండి. అమ్మేవాళ్లు పాటలు పెట్టి ఉంటే కట్టేయమనండి. అక్యుమ్యులేటర్, ఆయిల్, కనెక్టర్లు, క్లచ్ సెట్టింగు, కూలీ అన్నీ కలిపి ఎస్టిమేట్‌లో మూడో వంతు కూడా కాలేదు. పాత భాగాన్ని అడిగి తెచ్చుకున్నాను. బిల్లు మీద ఏ భాగం, ఎందుకు మార్చారో రాయించాను. మీరూ పాత భాగాన్ని షెడ్డులో వదిలేయకండి.

ఖర్చు తగ్గింది కదా అని వదిలేయలేదు. ఫాల్టు వారంటీలోనే తెలియజేసినప్పుడు, బాగుచేయకుండా రోజులు గడిపినంత మాత్రాన అమ్మినవాళ్ల బాధ్యత తీరిపోదు. నా వాదన అదే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మెసేజ్‌ల కాపీలు, ఎస్టిమేట్, బిల్లు జతచేసి షాపుకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. నోటీసు అందాక వాళ్లే ఫోన్ చేశారు. సగం ఖర్చు ఇస్తామన్నారు. అయితే ముందుగా "ఇకపై ఈ వాహనం గురించి ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టాలట. అదే గేర్ బాక్స్ రేపు మళ్లీ ఆగితే? పెట్టలేదు. మీకు అలాంటి కాగితం ఇస్తే, డబ్బు ఎంత అవసరమైనా, ఇంటికి తెచ్చుకుని చదవకుండా సంతకం చేయకండి.

జిల్లా వినియోగదారుల కమిషన్ అంటే చాలామంది వెనకాడుతున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా సరే, మీరు విశాఖలోనే వేసుకోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. వివాదానికి కారణం పుట్టినప్పటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి, ఈ గడువు మాత్రం మర్చిపోకండి. బతుకుతెరువు కోసం సొంతంగా ట్యాక్సీ నడుపుకునేవాళ్లు కూడా వినియోగదారుల కిందే వస్తారు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. నాకు బిల్లుకు బదులు డెలివరీ నోటు ఇచ్చి సరిపెట్టారు, దాన్నీ ఫిర్యాదులో చేర్చాను. డబ్బు బ్యాంకు ద్వారా పంపాను కాబట్టి రుజువుంది. నగదు ఇస్తే రశీదు లేకుండా కదలకండి.

ఇంకొకటి. పాత వాహనాల డీలర్లు ఆర్టీఓ దగ్గర అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. షాపులో అది చూపించమని అడగండి. బండి ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీసు చరిత్ర కూడా అడగండి.

ఇప్పటికే కొని, వారంటీ ఇంకా ఉన్నవాళ్లు ఈ వారంలోనే బండిని సింహాచలం ఘాట్ ఎక్కించి చూడండి. చిన్న తేడా కనిపించినా అదే రోజు షాపుకి రాతలో తెలియజేయండి. జాబ్ కార్డు ఇవ్వకపోతే ఈమెయిల్, వాట్సాప్ రెండూ పెట్టండి. మీటర్ రీడింగ్ ఫోటో జతచేయడం మర్చిపోకండి.