నొఖొయ్ ఖోర్! - మంగోలియాలో మా ఎనిమిది రోజులు

మంగోలియా వెళ్దామనుకునేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను: మాలాగా రాజధాని ఉలాన్‌బాతర్ దగ్గరున్న తెరెల్జ్ నేషనల్ పార్కులో మూడు రాత్రులు పోగొట్టుకోకండి. ఒక్క రాత్రి చాలు. మిగతా రెండూ వాళ్ళ పాత రాజధాని ఖార్‌ఖోరిన్ వైపు పశువులు మేపుకునేవాళ్ళ ఇంట్లో ఉండటానికి పెట్టుకోండి.

తెరెల్జ్ బాగుండదని కాదు. కొండలు, తాబేలు ఆకారంలో పెద్ద బండ, కాస్త పక్కకి వెళ్తే గుర్రం మీద చెంఘిజ్ ఖాన్ 40 మీటర్ల ఉక్కు విగ్రహం. గుర్రం తల దాకా ఎక్కి చూడొచ్చు. బాధంతా మేం దిగిన క్యాంపుతోనే. గెర్ అంటే వాళ్ళ గుండ్రటి గుడారం ఇల్లు. మాకిచ్చిన దాంట్లో డబుల్ కాట్, నిలువుటద్దం, పక్క గెర్ నుంచి రాత్రి ఒంటిగంట దాకా కరావోకే. వేడినీళ్ళు రోజంతా అన్నారు, సాయంత్రం రెండు గంటలొచ్చేవి. రేటు మాత్రం ఆ తర్వాత మేమున్న కాపరి ఇంటికి రెండింతలు.

ఉలాన్‌బాతర్‌కి ఒకటిన్నర రోజు సరిపోతుంది. ట్రాఫిక్ హైదరాబాద్‌కి ఏమాత్రం తీసిపోదు. బళ్ళు నడిచేది కుడివైపున, కానీ సగం కార్లకు స్టీరింగు కూడా కుడివైపే. అన్నీ జపాన్ నుంచొచ్చిన పాత ప్రియస్‌లు. గందన్ మఠం మాత్రం వదలొద్దు. లోపల 26.5 మీటర్ల అవలోకితేశ్వర బోధిసత్త్వుడు నిలబడి ఉంటాడు. పాత విగ్రహాన్ని 1938లో పీకేశారు, ఇది 1996లో మళ్ళీ నిలబెట్టింది. అక్కడ మా గైడమ్మాయి గ్రహాల పేర్లు వాళ్ళ భాషలో చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నాం: బుద్, సుగర్, అంగరగ్, బర్హస్బది, సంచిర్. మన నవగ్రహాల గుడి బయట నిలబడినట్టే అనిపించింది!

ఖార్‌ఖోరిన్ అక్కణ్ణుంచి 360 కిలోమీటర్లు, తారురోడ్డే. చెంఘిజ్ కొడుకు ఒగెదేయ్ 1235లో గోడ కట్టించిన కారకోరం రాజధాని ఇదే. ఇప్పుడక్కడ మిగిలింది గడ్డి, ఒక రాతి తాబేలు. ఆ రాళ్ళన్నీ 16వ శతాబ్దంలో పక్కనే కట్టిన ఎర్దెనె జూ మఠానికి పోయాయి. దాని ప్రహరీ మీద వరసగా 108 తెల్ల స్తూపాలు. పొద్దున్నే వెళ్ళండి, బస్సులు రాకముందే.

మేం దిగిన ఇల్లు ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల. డ్రైవర్ దూరంగానే బండి ఆపి "నొఖొయ్ ఖోర్!" అని అరిచాడు. కుక్కను పట్టుకోండి అని. ఇంటికెళ్ళినవాళ్ళ మొదటి పలకరింపు అదేనట. తలుపు దక్షిణానికి ఉంటుంది. గడప తొక్కకూడదు. ఈ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది, మా బామ్మ చేతి మొట్టికాయలు ఇంకా గుర్తే. పొయ్యిలో చెత్త వెయ్యకూడదు, నిప్పు పవిత్రం.

తలుపు పక్కనే ఎడమవైపు పెద్ద తోలుసంచి వేలాడుతోంది. అందులో ఐరగ్, అంటే పులిసిన గుర్రప్పాలు. వచ్చినవాళ్ళెవరైనా సరే లోపలున్న కర్రతో నాలుగుసార్లు చిలకాలి. నేనూ చిలికాను. కవ్వంలా తిప్పబోతే ఇంటావిడ పకపకా నవ్వి, రోకలిలా పైకీ కిందకీ ఆడించాలని చేసి చూపించింది. రుచి అంటారా, పుల్లమజ్జిగలో కాస్త కల్లు పోసినట్టుంది. నాకు రెండో గిన్నె కావాలనిపించింది, మావారు మాత్రం మొదటి గిన్నెతోనే దణ్ణం పెట్టేశారు.

ఆయన శాకాహారి. పాపం, ఉప్పేసిన పాలటీ, మీగడ, మేం పట్టుకెళ్ళిన కందిపొడి, అటుకులతో నెట్టుకొచ్చారు. కజ్జికాయలా మడిచి నూనెలో వేయించే ఖూషూర్ చూసి ఆశపడ్డారు గానీ లోపలంతా మటనే. ఉలాన్‌బాతర్‌లో శాకాహార హోటళ్ళున్నాయి, బయట పల్లెల్లో ఆశ పెట్టుకోకండి.

ఆగస్టులోనూ రాత్రి చలి ఎముకలు కొరికింది. పొయ్యిలోకి పిడకలు. మనలా తట్టినవి కావు, మైదానంలో ఎండిపోయినవి ఏరుకొచ్చినవే. మరుగుదొడ్డి యాభై అడుగుల దూరంలో గొయ్యి మీద రెండు చెక్కలు. టార్చి, స్వెటరు తప్పనిసరి. పడుకునే ముందు ఇంటాయన ఆ మధ్య చలికాలం గురించి చెప్పాడు, గైడమ్మాయి మాకు వివరించింది. మంచు గట్టిపడితే పశువుకి గడ్డి అందదు. దాన్ని జుద్ అంటారు. 2023-24 చలికాలంలో దేశమంతా కలిపి 70 లక్షలకు పైగా పశువులు పోయాయి. ఆయన మందలో ఎన్ని పోయాయని అడిగితే చెప్పలేదు, లేచి పొయ్యిలో ఇంకో రెండు పిడకలు వేశాడు.

పొద్దున బయల్దేరుతుంటే ఆవిడ గరిటెతో పాలు తెచ్చి మా బండి వెనకాల చల్లింది. దారి బాగుండాలని అలా చల్లుతారట. వెనకద్దం మీద పడిన చుక్కల్ని డ్రైవర్ ఉలాన్‌బాతర్ దాకా తుడవలేదు.