కొండల బొమ్మలకు కాట్‌మన్ పాకెట్ బాక్స్: ఏది ఉంచాలి, ఏది మార్చాలి

ట్రెక్కింగ్ బ్యాగులో ఇమిడే వాటర్‌కలర్ పెట్టెల్లో విన్సర్ అండ్ న్యూటన్ వారి కాట్‌మన్ స్కెచర్స్ పాకెట్ బాక్స్ బాగా పేరున్నది. ఎక్కి చూసొచ్చిన కొండని గుర్తుగా బొమ్మ వేసుకోవడానికి ఇది చాలుతుంది. కాకపోతే పెట్టెలో వచ్చింది వచ్చినట్టు వాడితే బొమ్మ పేలవంగా తేలుతుంది.

లోపల 12 హాఫ్ ప్యాన్లు (ఎండు రంగు బిళ్లలున్న చిన్న గిన్నెలు), ఒక చిన్న బ్రష్ ఉంటాయి, మూతే ప్యాలెట్. కాట్‌మన్ విద్యార్థుల శ్రేణి. ఖరీదైన కాడ్మియం, కోబాల్ట్ పిగ్మెంట్ల (రంగునిచ్చే పొడుల) బదులు వాటిని పోలిన చవక పిగ్మెంట్లు వాడి, పేరు చివర 'హ్యూ' అని రాస్తారు. కొండలు వేసేవాళ్లకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఇక్కడ బరువంతా మోసేవి అల్ట్రామెరైన్ (నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు). వీటిలో ఏదీ 'హ్యూ' కాదు.

ఈ పెట్టె అసలు విలువ అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా జోడీలోనే ఉంది. నీలం ఎక్కువైతే దూరపు కొండ వరుసల రంగు, రెండూ సరితూగితే రాతి బూడిద రంగు, సియెన్నా ఎక్కువైతే కాళ్ల దగ్గరి మట్టి. అల్ట్రామెరైన్ రేణువులు గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ పేపర్ గుంటల్లో దిగి కూర్చుంటాయి కాబట్టి బండల గరుకుదనం దానంతటదే వస్తుంది. నున్నటి హాట్ ప్రెస్ పేపర్ మీద ఆ అందం చాలావరకు పోతుంది. పేపర్ 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు), వీలైతే నూరు శాతం కాటన్ తీసుకోండి. రంగుల మీద ఆదా చేయొచ్చు గానీ పేపర్ మీద చేయకూడదు.

వరుసల్ని వెనక నుంచి ముందుకు వేయాలి. మధ్యలో ఉన్న గాలి నీలి కాంతిని ఎక్కువగా వెదజల్లడం వల్ల దూరపు వరుస లేతగా, నీలంగా కనిపిస్తుంది. దూరపు కొండలు నునుపు అన్న మాటని ఇక్కడ అక్షరాలా పాటించాలి, వాటి మీద చెట్లూ చీలికలూ వేయొద్దు. ముందుకొచ్చే కొద్దీ నీళ్లు తగ్గించి రంగు పెంచండి. తడి మీద సరిగ్గా ఉన్నట్టు కనిపించిన రంగు ఆరాక పాలిపోతుంది. అందుకే అదే పేపర్ ముక్క మీద వేసి, ఆరనిచ్చి చూసుకోవాలి.

ఎక్కువ బొమ్మలు చెడేది వరుసకీ వరుసకీ మధ్య ఆగకపోవడం వల్ల. సగం ఆరిన వాష్ (నీళ్లతో పల్చగా పరిచిన రంగు) పక్కన నీళ్లెక్కువున్న బ్రష్ పెడితే, ఆ నీళ్లు రంగుని తోసుకుంటూ పోయి కాలీఫ్లవర్ అంచుల్లాంటి మరకలు చేస్తాయి. అరచేతి వెనక భాగం పేపర్‌కి ఆనించండి. చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదు.

మార్చాల్సినవి రెండు. మొదటిది చైనీస్ వైట్. మంచుకి తెల్లరంగు అక్కర్లేదు, పేపర్‌నే వదిలేయాలి. మంచు మీది నీడలకి పల్చటి అల్ట్రామెరైన్ చాలు. మిశ్రమాల్లో తెలుపు కలిపితే సుద్దలా మసకబారతాయి. ఆ ప్యాన్ తీసేసి ఇండిగో (ముదురు నీలం) పెట్టుకుంటే, పెట్టెలోని ఆకుపచ్చ శాప్ గ్రీన్‌తో కలిపి చీకటి అడవుల రంగు సులువుగా వస్తుంది. రెండోది బ్రష్. పెట్టెలోది చెట్లకీ అంచులకీ బాగుంటుంది గానీ దానితో ఆకాశం వేస్తే చారలు తప్పవు, ఒక చివర ముగిసేలోపు మరో చివర ఆరిపోతుంది. 12వ నంబరు రౌండ్ బ్రష్ విడిగా కొనండి.

శిఖరం మీద పూర్తి బొమ్మకి కూర్చోవడం కష్టం. గాలికి వాష్ త్వరగా ఆరి అంచులు బిగుసుకుంటాయి, గడ్డకట్టే చలిలో వాష్ మంచు పలుకులు కడుతుంది. అక్కడ పెన్సిల్‌తో ఆకారం గీసి, నాలుగైదు రంగుల నమూనాలు పక్కనే పూసుకుంటే చాలు. ఫోన్ ఫోటో ఒక్కటే నమ్ముకోకండి. వైడ్ లెన్స్ శిఖరాన్ని చిన్నది చేస్తుంది, ఎండ ఎక్కువగా ఉంటే నీడల్లోని నీలాన్ని నలుపు చేస్తుంది.

కొత్త మూత మీద రంగు పరుచుకోకుండా బొట్లుబొట్లుగా ముడుచుకుంటుంది. టూత్‌పేస్ట్‌తో మెల్లగా రుద్ది కడిగితే సర్దుకుంటుంది. వాడాక ప్యాన్లు తడిగా ఉండగా మూత వేయొద్దు, బూజు పడుతుంది. రాత్రంతా తెరిచి ఉంచి, పొద్దున మూయండి.