అసమానతను సంస్థ నిర్మాణంలో వెదికే కోర్సు

అంతర్జాతీయ వ్యాపారంలోని అసమానతను, వైవిధ్యాన్ని సమాజశాస్త్ర సిద్ధాంతాలతో పరిశీలించే ఒక ఆన్‌లైన్ కోర్సును ఇటీవల పూర్తి చేశాను. బహుళజాతి సంస్థల మానవ వనరుల విభాగాల వారికోసం రూపొందించిన ఈ కోర్సు, వివక్షను కొందరి మనసుల్లోని దోషంగా చూపి వదిలేయకుండా, నియామకాలు, పదోన్నతులు, జీతాలు నిర్ణయమయ్యే పద్ధతుల్లోనే దాని మూలాలను వెదుకుతుంది. ఇది చాలా అవసరమైన పని.

అన్నిటికంటే బలమైనది అమెరికా సమాజశాస్త్రవేత్త రోజబెత్ మాస్ కాంటర్ సిద్ధాంతంపై పాఠం. బృందంలో సుమారు 15 శాతానికి మించని వర్గంవారు వ్యక్తులుగా కాక ఆ వర్గానికి ప్రతినిధులుగానే అందరి కంటా పడతారని, అందువల్ల వారిపై ఒత్తిడి ఎక్కువవుతుందని ఆమె 1977లో వివరించారు. దీని పక్కనే, కంపెనీ బోర్డుల్లో మహిళలకు కనీసం 40 శాతం స్థానం ఉండేలా నార్వే 2003లో చేసిన చట్టాన్ని చర్చించారు. బోర్డుల స్వరూపం మారినా, ఆ కంపెనీల్లో కింది స్థాయి మహిళలకు చెప్పుకోదగ్గ మేలు జరగలేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. సంఖ్యాబలం ఎంతవరకు పనిచేస్తుందో విద్యార్థి స్వయంగా ఆలోచించవలసి వస్తుంది.

చదువు, మాటతీరు, అభిరుచులు కూడా డబ్బులాగే మనిషికి పెట్టుబడిగా పనికొస్తాయన్న ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త బూర్డియూ ‘సాంస్కృతిక మూలధనం’ భావన గురించిన పాఠం పరవాలేదు. జాతి, లింగం వంటి వివక్షలు ఒకే మనిషిపై కలిసి పనిచేస్తాయన్న అమెరికా న్యాయశాస్త్ర పండితురాలు క్రెన్‌షా సిద్ధాంతాన్ని మాత్రం నిర్వచనంతో సరిపెట్టారు.

నాకు నిజంగా బాధ కలిగించిన లోపం వేరే ఉంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో దుస్తుల కర్మాగారాలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడ కుట్టిన దుస్తులు ఐరోపా, ఉత్తర అమెరికా బ్రాండ్లకు వెళ్ళేవి, కానీ ఆ కార్మికులు ఆ బ్రాండ్ల ఉద్యోగులు కారు గనుక ఏ వైవిధ్య నివేదికలోనూ వారి లెక్క ఉండదు. ప్రపంచం లాభాలు పోగయ్యే కేంద్ర దేశాలుగా, చౌక శ్రమను అందించే అంచు దేశాలుగా విడిపోయి ఉందన్న సమాజశాస్త్రవేత్త వాలర్‌స్టైన్ విశ్లేషణ ఇక్కడే అక్కరకు వస్తుంది. కోర్సు దాన్ని చరిత్ర పాఠంగా ఒక్క పేరాలో ముగించి, మళ్ళీ ప్రధాన కార్యాలయ ఉద్యోగుల జాబితాకే తిరిగి వెళ్ళింది. సరఫరా గొలుసును వదిలేస్తే అంతర్జాతీయ వ్యాపారంలోని అసమానతలో అతి పెద్ద భాగాన్నే వదిలేసినట్టు.

మానవ వనరుల విభాగంలో పనిచేసేవారు ఈ కోర్సును నిస్సంకోచంగా తీసుకోవచ్చు. సరఫరాదారులను ఎంచుకుని, ధరలూ గడువులూ నిర్ణయించే కొనుగోళ్ల విభాగంవారికి మాత్రం ఇప్పుడున్న రూపంలో ఇది చాలదు.