లెన్సు కన్నా కిటికీయే ముఖ్యం: కెనోనెట్ క్యూఎల్17 జీ3 ఏళ్ల తరబడి వాడాక

రేంజ్‌ఫైండర్ (లెన్సులోంచి కాక వేరే కిటికీలోంచి చూసి, రెండు బొమ్మల్ని ఒకటి చేసి ఫోకస్ పెట్టుకునే కెమెరా) అనగానే అందరూ లెన్సు ఎలా ఉందనే అడుగుతారు. నా పాత ఫిల్ము కెమెరా కెనోనెట్ కూడా ఆ రకమే, దీని 40 ఎంఎం ఎఫ్/1.7 లెన్సు మంచిదే. కానీ ఇన్నేళ్లుగా నేను దీన్ని వదలకపోవడానికి కారణం వ్యూఫైండర్, అంటే కన్ను పెట్టి చూసే కిటికీ. లెన్సులోంచి వచ్చే బొమ్మని అద్దంతో కంటికి చూపించే ఎస్ఎల్ఆర్ కెమెరాలో బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి, సరిగ్గా ఫొటో పడే క్షణమే మన కంటికి చీకటవుతుంది. ఇందులో అద్దమే లేదు. వేరే కిటికీలోంచి చూస్తాం కాబట్టి ఫొటో పడుతున్నప్పుడు కూడా మనిషి కనిపిస్తూనే ఉంటాడు. కళ్లు మూశాడా, తల తిప్పాడా అప్పుడే తెలిసిపోతుంది. ఫొటోలో ఎంత మేర పడుతుందో చూపించే ఫ్రేము గీతల అవతల జరిగేదీ కాస్త కనపడుతుంది.

ఆ 'కాస్త' ఎంత విలువైనదో గుంటూరు మిర్చి యార్డులో తెలుస్తుంది. సీజన్లో హమాలీ మిర్చి టిక్కీ (బస్తా) వీపున వేసుకుని వరసల మధ్య నుంచి విసురుగా వస్తాడు. గీత బయట ఉండగానే అతన్ని చూస్తాను, ఏ అడుగులో నొక్కాలో ముందే తెలుస్తుంది. ఫోకస్ చూసుకునే తీరిక ఎక్కడిది? షెడ్డు నీడలో ఐఎస్ఓ 400 ఫిల్ముతో లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8కి తగ్గించి, ఫోకస్ దూరం 3 మీటర్ల దగ్గర వదిలేస్తాను. దాదాపు 2 నుంచి 5 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఘాటుకి కళ్లు మండి నీళ్లు కారుతున్నా పని ఆగదు.

పెద్ద కెమెరా ఎత్తితే "ఏ పేపరండీ?" అంటూ జనం పని ఆపి నిలబడతారు. దీన్ని చూసిన ఒక గుమాస్తా "మా నాన్న దగ్గర ఇలాంటిదే ఉండేదండీ" అని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు, ఇచ్చేసి మళ్లీ కాటా దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు కావలసింది అదే. లెన్సులోనే ఉండే లీఫ్ షట్టర్ చప్పుడు పక్కవాడికి కూడా వినపడదు. అద్దం కుదుపు లేదు కాబట్టి 1/30 సెకను షట్టర్ వేగంలో కూడా చేతుల్లోనే పట్టుకుని తీయగలను.

లోపాలూ ఉన్నాయి. 0.8 మీటర్ల కన్నా దగ్గరికి వెళ్లలేం. దూరపు లెన్సు వేసే వీలు లేదు. వెలుగు కొలిచే మీటరుకి కావలసిన 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లు ఇప్పుడు దొరకదు. అయితే షట్టర్‌కి బ్యాటరీ అక్కర్లేదు, నేను వెలుగు ఫోనులో చూసుకుని చేత్తోనే పెట్టుకుంటాను. వానాకాలంలో మాత్రం సిలికా జెల్ డబ్బాలో పెట్టకపోతే మన దగ్గరి తేమకి లెన్సుకి బూజు ఖాయం.

పాతది కొనేవాళ్లు వ్యూఫైండర్ మధ్యలో, ఫోకస్ కోసం రెండు బొమ్మలు కనిపించే పసుపు మచ్చ చూడండి. దూరంగా ఉన్న కరెంటు స్తంభం వైపు పెట్టి, ఫోకస్ రింగు ఇన్ఫినిటీకి (అన్నిటికన్నా ఎక్కువ దూరానికి) తిప్పితే రెండు బొమ్మలూ ఒకటైపోవాలి. వెలుగు చొరబడకుండా వెనక తలుపుకి ఉండే స్పాంజి జిగురైపోయి ఉంటే ఫరవాలేదు, మార్పించుకోవచ్చు. మచ్చ వెలిసిపోయి ఉంటే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.