ఏడు రాత్రుల డైవింగ్ పడవ ప్యాకేజీ: డబ్బు దేనికి ఇస్తున్నట్టు?

వారమంతా పడవ మీదే ఉండి స్కూబా డైవింగ్ చేసే గ్రూపు ప్యాకేజీ బ్రోషర్ ఏది తెరిచినా మాంటా రే చేపలు, సొరచేపలు, డెక్ మీద పడక కుర్చీలే కనిపిస్తాయి. ఎర్రసముద్రమైనా, మాల్దీవులైనా, ఇండోనేషియాలోని రాజా అంపట్ అయినా అచ్చు ఒకటే: 16 నుంచి 24 మంది అతిథులు, ఏడు రాత్రులు, రోజుకి మూడు నాలుగు డైవ్‌లు, వారానికి 17 నుంచి 20. పగడపు దిబ్బలు అన్ని పడవలకీ అవే. చేపలు ఎవరి సొంతమూ కావు. కాబట్టి ఈ రివ్యూలో సముద్రం అందం గురించి తక్కువే ఉంటుంది. పడవకీ పడవకీ తేడా తెలిసేది మనుషుల్ని ఎలా విడగొట్టి నీళ్లలోకి దించుతారన్న దగ్గరే. అందరినీ ఒకే గాటన కట్టే పడవ ఎంత ఖరీదైనదైనా పేరు గొప్ప, ఊరు దిబ్బ. అది పగడపు దిబ్బ మాత్రం కాదు.

ఎందుకో గాలి లెక్క వేస్తే తేలిపోతుంది. ఈ పడవల్లో మామూలుగా ఇచ్చేది 11.1 లీటర్ల అల్యూమినియం ట్యాంకు. 200 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) నింపుతారు. 50 బార్ మిగుల్చుకుని పైకి రావాలి గనక వాడుకోవడానికి ఉన్నది 150 బార్, అంటే సుమారు 1,665 లీటర్లు. 20 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి మూడు రెట్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే కొత్త డైవర్‌కి అక్కడ 60 లీటర్లు ఖర్చవుతాయి. అరగంట నిండకుండానే ట్యాంకు అయిపోతుంది. 13 లీటర్లతో నెట్టుకొచ్చే అనుభవస్తుడికి అదే లోతులో 42 నిమిషాలు వస్తుంది, మెల్లగా పైపైకి వస్తూ తిరిగితే గంట. ఇద్దరినీ ఒకే గైడ్ వెనక పంపారా, ఎక్కువ పీల్చేవాడి గేజే (మిగిలిన గాలి చూపే మీటరు) అందరి డైవ్‌నీ ముగిస్తుంది. అంతకన్నా ప్రమాదం, నలుగురిలో నామోషీ అనిపించి కొత్తవాడు గేజ్ చూపించడం ఆలస్యం చేయడం.

మంచి పడవ బుకింగ్ ఫారంలోనే మొత్తం ఎన్ని డైవ్‌లు చేశారు, చివరిది ఎప్పుడు అని అడుగుతుంది. రెండో ప్రశ్నే ముఖ్యం. మూడేళ్లుగా నీళ్లు ముట్టని 100 డైవ్‌ల మనిషి కంటే, పోయిన నెల 20 పూర్తి చేసినవాడే నిలకడగా ఉంటాడు. తర్వాత మొదటి రోజు ప్రవాహం లేని చోట చెక్ డైవ్, అంటే పరీక్ష డైవ్ పెట్టి, ఆ డైవ్‌లో ఎవరు ఎంత గాలి వాడారో రాసుకుని, దాన్ని బట్టి జట్లు కడతారు. గైడ్‌కి నలుగురైతే హాయి, ఆరుగురు ఫర్వాలేదు. ఎనిమిది మందైతే ప్రశాంతమైన నీళ్లలో గడుస్తుంది గానీ, ప్రవాహం ఉన్నచోట వెనక ఉన్న ఇద్దరూ గైడ్ కంటికి ఆనరు.

చెక్ డైవ్‌ని మొక్కుబడిగా కానిచ్చేసే పడవలు చాలానే ఉన్నాయి. అక్కడే వారం సగం పాడవుతుంది. ఆ డైవ్ అసలు పని బరువులు సరిచూడటం. 150 బార్ గాలి దాదాపు 2 కిలోలు తూగుతుంది. అంటే డైవ్ మొదట్లో సరిపోయిన బరువు చివర్లో చాలదు, అల్యూమినియం ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ పైకి లాగుతుంది. అందుకే పరీక్ష డైవ్ చివర, ట్యాంకులో 50 బార్ ఉన్నప్పుడు చేయాలి: 5 మీటర్ల దగ్గర బీసీడీలో (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్) గాలి మొత్తం వదిలేసి, మామూలుగా ఊపిరి తీస్తూ కదలకుండా నిలవగలగాలి. మునుగుతుంటే ఒక కిలో తీసేయాలి, తేలుతుంటే ఒకటి కలపాలి. భయంతో రెండు మూడు కిలోలు ఎక్కువ కట్టుకున్నవాడు దాన్ని మోయడానికి బీసీడీ ఉబ్బిస్తాడు, కాళ్లు కిందికి జారతాయి, కాళ్ల ఫిన్స్ తగిలి పగడాలు విరుగుతాయి, గాలీ ఇట్టే అయిపోతుంది. పగడాలు కాపాడండంటూ పడవ గోడ మీద పోస్టర్లు అంటించేకంటే ఆ రెండు కిలోలు తీయించడం ఎక్కువ మేలు.

ప్రవాహపు డైవ్‌ల సంగతి వేరు. మాల్దీవుల్లో అటాల్ (ఉంగరంలా ఉండే పగడపు దీవుల వరస) లోపలికీ బయటికీ దారి ఇచ్చే కాలువల్లో నీరు లోపలికి వస్తున్నప్పుడు దిగుతారు. సముద్రపు తేటనీరు వస్తుంది, కాలువ మూతి దగ్గర సొరచేపలు తచ్చాడతాయి. బీసీడీ ఖాళీ చేసుకుని, అందరూ ఒకేసారి వెనక్కి దొర్లి నేరుగా కిందికి పోవాలి. మాస్క్ సర్దుకుంటూ ఒక్కడు నిమిషం పైనే ఉండిపోతే వాణ్ని నీరు కాలువ మూతి దాటించేస్తుంది, జట్టు కింద ఎక్కడో ఉంటుంది. ఇలాంటి చోట కొత్తవాళ్ల జట్టుకి వేరే దిబ్బ చూపించే పడవకి పూర్తి మార్కులు. 'అందరూ వచ్చేయండి, మేం చూసుకుంటాం' అనే పడవకి సున్నా. ఈ విషయంలో కొన్ని దేశాలే గీత గీశాయి: మాల్దీవుల్లో సరదా డైవింగ్‌కి 30 మీటర్లే హద్దు, ఎర్రసముద్రంలో బ్రదర్స్, డేడలస్ లాంటి నడిసముద్రపు దిబ్బలకి ఈజిప్టు 50 డైవ్‌ల అనుభవం అడుగుతుంది.

రీఫ్ హుక్, అంటే ప్రవాహంలో కొట్టుకుపోకుండా తగిలించుకునే కొక్కెం ఇస్తే, ఎలా వాడాలో బ్రీఫింగ్‌లో చెప్పాలి. తగిలించేది చచ్చిన రాతికే, బతికున్న పగడానికి కాదు. ఎస్‌ఎంబీ, అంటే నీటి మీద నిటారుగా తేలే నారింజ రంగు గొట్టం, గైడ్ దగ్గర ఒక్కటి ఉంటే చాలదు, ప్రతి ఒక్కరికీ కావాలి. అలల మధ్య మనిషి తల ఎవరికీ కనిపించదు. ఇక డైవ్ అయ్యాక పేర్లు పిలిచి లెక్కపెట్టుకోవడం. 1998 జనవరిలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఇద్దరు డైవర్లని పడవ వదిలేసి వచ్చేసింది, ఆ సంగతి బయటపడింది రెండు రోజుల తర్వాత. డైవర్లని ఎక్కించుకునే డింగీ (చిన్న పడవ) నడిపేవాడు చేతిలో కాగితం లేకుండా 'అందరూ ఎక్కారా?' అని కేకేస్తే సరిపోదు.

నైట్రాక్స్‌కి, అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలికి, అదనంగా తీసుకుంటే ఇచ్చేయండి, ఈ ప్యాకేజీలో గిట్టుబాటయ్యే కొసరు అదొక్కటే. రోజుకి నాలుగు డైవ్‌లు చేస్తే నైట్రోజన్ ఒంట్లో పేరుకుంటూ పోతుంది. 32 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమంతో ఆ భారం తగ్గుతుంది. ఇక్కడ రెండు అపోహలున్నాయి. ఒకటి, నైట్రాక్స్‌తో ఇంకా లోతుకి పోవచ్చని. నిజం తలకిందులు: 32 శాతానికి ఆక్సిజన్ పీడనం 1.4 బార్ దాటకూడదన్న లెక్కన హద్దు 34 మీటర్ల లోపే. రెండోది, ట్యాంకు ఎక్కువసేపు వస్తుందని. రాదు, ఊపిరి ఊపిరే. ప్రతి ట్యాంకునీ వాడేవాళ్లే ఎనలైజర్‌తో కొలిచి, శాతం, లోతు హద్దు రాసి సంతకం పెట్టాలి. సిబ్బంది 'అన్నీ 32 ఏ' అని నోటిమాటగా చెప్పి ఇచ్చే పడవలో ఆ ట్యాంకు తీసుకోకండి.

అద్దె సామాను గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పడవ ట్యాంకులకి రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) తగిలించే చోటు డిన్ రకమా యోక్ రకమా అని ముందే అడగాలి, లేకపోతే సొంత రెగ్యులేటర్ ఉన్నా అడాప్టర్ లేక వాడలేరు. బీసీడీలోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఉప్పు పేరుకుని నొక్కుకుపోయి, గాలి తనంతట తానే ఎక్కితే గొట్టం ఊడదీయడమే మందు. అది ఎలాగో ఒడ్డునే రెండుసార్లు చేసి చూసుకోవాలి. కొత్త మాస్క్ అద్దానికి టూత్‌పేస్ట్ రాసి లోపలివైపు గట్టిగా రుద్దకపోతే ఆవిరి పడుతూనే ఉంటుంది.

వారం మధ్యలో చాలామందిని కూర్చోబెట్టేది చెవి. తడిసిన చెవి తడిసినట్టే ఉండి బయటి గొట్టం పుండవుతుంది. ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. దిగేటప్పుడు నొప్పి వచ్చేదాకా ఆగకుండా మీటరుకొకసారి ఒత్తిడి సరిచేసుకోవాలి. తర్వాత చలి. 28 డిగ్రీల నీళ్లు మొదటి రోజు గోరువెచ్చగా ఉంటాయి, నాలుగో రోజు నాలుగో డైవ్‌కి పళ్లు టకటకలాడతాయి. 3 మిల్లీమీటర్ల సూట్‌తోపాటు తలకప్పు ఉన్న బనీను పెట్టుకెళ్లాలి. మధ్యలో ఒక డైవ్ మానేస్తే మొహం మాడ్చని పడవే మంచిది.

పడవ ఎక్కగానే మూడు అడగాలి. ఆక్సిజన్ ఎన్ని లీటర్లుంది, డైవింగ్ జబ్బుకి చికిత్స చేసే ఒత్తిడి గది ఎంత దూరం? డీకంప్రెషన్ జబ్బుకి (ఒంట్లో పేరుకున్న నైట్రోజన్ బుడగలు కట్టడం) ఇచ్చే ఆక్సిజన్ నిమిషానికి 15 లీటర్ల చొప్పున పోతే, 3 లీటర్ల బుడ్డి 200 బార్ మీద 40 నిమిషాలే వస్తుంది. ఒడ్డు ఆరు గంటల దూరమైతే కావలసింది 5,400 లీటర్లు. అలంకారానికి పెట్టిన చిన్న ఆక్సిజన్ పెట్టె ఇక్కడ పనికిరాదు. మూడో ప్రశ్న, రాత్రి కాపలా ఎవరు? 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ కాలిపోయి, కింద నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. రాత్రి తిరుగుతూ కాపలా కాసే మనిషి లేకపోవడాన్ని దర్యాప్తు తప్పుపట్టింది. కెమెరా, టార్చి బ్యాటరీలు రాత్రంతా పడక గదిలో చార్జింగ్‌కి పెట్టనిచ్చే పడవ, తప్పించుకునే రెండో దారి ఎక్కడుందో చూపించని పడవ వద్దు.

ప్యాకేజీల్లో చూసీచూడనట్టు వదిలేసే మోసం చివరి రోజుది. రోజూ పలుసార్లు డైవ్ చేసినవాళ్లు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి, 24 అయితే ఇంకా నయం. ఉదయం విమానమున్న వాళ్లకి ముందురోజు సాయంత్రం డైవ్ లెక్కలో చూపించే ప్యాకేజీ, వాళ్లు చేయలేని డైవ్‌ని అమ్ముతోంది. అలాగే ఫొటోలు ఎప్పటివో అడగండి. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త పగడపు వెలవెలబాటుని (బ్లీచింగ్) ప్రకటించారు. వేడికి తెల్లబడిన దిబ్బల అంతకుముందటి ఫొటోలు ఇంకా బ్రోషర్లలో ఉండొచ్చు.

మొత్తానికి, 30 డైవ్‌లు దాటి, చివరిది ఈ ఏడాదిలోనే చేసినవాళ్లకి ఇలాంటి వారం బాగా కలిసొస్తుంది. నిన్నమొన్న సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లు ఒడ్డున ఉండి, రోజుకి రెండు డైవ్‌ల రిసార్ట్ చూసుకోవడం మేలు. కెమెరా వాళ్లు నలుగురుంటే ముందే చెప్పి విడి గైడ్‌ని అడగాలి, వాళ్లు ఒక్క రొయ్య దగ్గర 20 నిమిషాలు ఆగుతారు, మిగతావాళ్లు గడ్డకడతారు. బుక్ చేసే ముందు అడగవలసింది ఇంకొకటుంది. గైడ్లూ వారానికి అన్నే డైవ్‌లు చేస్తారు, వాళ్లకీ చెవి పోటు వస్తుంది. మూడో రోజు ఒక గైడ్ మంచం పడితే అతని నలుగురినీ ఎవరితో కలుపుతారు?